అయస్కాంతంతో నడిచే క్యాథెటర్ అబ్లేషన్

గుండె లయ తప్పడానికి మూలమైన కాస్తంత కండరాన్ని వెతికి పట్టుకుని, రక్తనాళం గుండా పంపిన సన్నని క్యాథెటర్ కొనతో దాన్ని మాడ్చి నిర్వీర్యం చేయడాన్ని క్యాథెటర్ అబ్లేషన్ అంటారు. మామూలుగా ఆ క్యాథెటర్‌ను వైద్యుడు రోగి పక్కన నిలబడి చేత్తో తిప్పుతాడు. అయస్కాంత పద్ధతిలో ఆ పని అయస్కాంత క్షేత్రానిది. రోగి పడుకున్న బల్లకు చెరోపక్కన ఉండే రెండు పెద్ద శాశ్వత అయస్కాంతాలు క్యాథెటర్ కొనను కావలసిన దిక్కుకు మళ్లిస్తాయి. ఒక చిన్న మోటారు దాన్ని ముందుకూ వెనక్కూ జరుపుతుంది. వైద్యుడు అద్దం అవతలి గదిలో కంప్యూటర్ తెర ముందు కూర్చుని రెండింటినీ నడిపిస్తాడు. ఈ పద్ధతి 2000ల తొలి సంవత్సరాల్లో రోగుల దాకా వచ్చింది. అప్పట్లో అబ్లేషన్లన్నీ ఇక ఇలాగే జరుగుతాయని చాలామంది నమ్మారు. అలా జరగలేదు. చెయ్యి చేరలేని, చేరినా నిలవలేని చోట్లున్న మొండి లయదోషాలే దీని అసలు రంగమని ఇరవై ఏళ్ల అనుభవం తేల్చింది.

లయ ఎలా తప్పుతుంది

కుడి కర్ణిక పైభాగంలో ఉండే సైనస్ నోడ్ నిమిషానికి 60 నుంచి 100 సార్లు విద్యుత్ సంకేతాన్ని పుట్టిస్తుంది. ఆ సంకేతం కర్ణికలంతా పరుచుకుని, ఏవీ నోడ్ దగ్గర సెకనులో పదో వంతు ఆగి, హిస్ కట్ట గుండా జఠరికలకు దిగుతుంది. ఏవీ నోడ్‌ను జపాన్ శాస్త్రవేత్త సునావో తవారా 1906లో వర్ణించాడు. సైనస్ నోడ్‌ను ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ ఆ మరుసటి ఏడాది గుర్తించారు.

దడకు ముఖ్యంగా రెండు మూలాలు. సైనస్ నోడ్‌తో నిమిత్తం లేకుండా ఎక్కడో చుక్కంత చోటు తనంతట తాను సంకేతాలు పంపుతూ ఉండటం ఒకటి. సంకేతం ముందుకు పోయి ఆరిపోకుండా ఒకే దారిలో గిరగిరా తిరుగుతూ ఉండటం రెండోది. పుట్టుకతోనే కర్ణికకూ జఠరికకూ మధ్య అదనపు కండరపు పోగు ఉండే వోల్ఫ్–పార్కిన్‌సన్–వైట్ వ్యాధి ఈ రెండో రకం.

వీటిలో ప్రాణాంతకమైనది గుండెపోటు మిగిల్చే మచ్చ. రక్తం అందక చచ్చిపోయిన కండరం కొన్ని వారాల్లో మచ్చగా గట్టిపడుతుంది, కానీ అందులో అక్కడక్కడా బతికిన పోగులు మిగులుతాయి. సంకేతం ఆ పోగుల గుండా నెమ్మదిగా పాకి, మచ్చ అవతల బయటపడి, మళ్లీ మొదటికి వచ్చి దూరుతుంది. జఠరిక నిమిషానికి 150, 200 సార్లు కొట్టుకుంటుంది. ఇదే వెంట్రిక్యులర్ టాకీకార్డియా. ఇది కొన్ని సెకన్లలో రోగిని స్పృహ తప్పించగలదు, కొన్ని నిమిషాల్లో ప్రాణం తీయగలదు. ఛాతీలో అమర్చే ఐసీడీ పరికరం షాకు ఇచ్చి మనిషిని బతికిస్తుంది గానీ ఆ సుడి మళ్లీ మొదలు కాకుండా ఆపలేదు. మెలకువగా ఉండగా ఆ షాకు తిన్నవాళ్లు ఎవరో ఛాతీ మీద బలంగా తన్నినట్టుంటుందని చెబుతారు. మళ్లీ ఎప్పుడు కొడుతుందోనన్న భయం వాళ్లను వదలదు. ఎమియోడరోన్ లాంటి మందులు కొంతవరకు పనిచేస్తాయి, కానీ ఏళ్ల తరబడి వాడితే థైరాయిడ్, కాలేయం, ఊపిరితిత్తులు దెబ్బతినవచ్చు. అందుకే ఆ సుడి తిరిగే ఇరుకు దారిని వెతికి మాడ్చడం అవసరమవుతుంది.

చేతి పని, దాని హద్దు

మెల్విన్ షైన్‌మన్ 1981లో శాన్ ఫ్రాన్సిస్కోలో క్యాథెటర్ ద్వారా పెద్ద విద్యుత్ షాకు ఇచ్చి ఏవీ నోడ్‌ను పనిచేయకుండా చేశాడు. అంతకుముందు ఇలాంటి పనికి ఛాతీ కోయాల్సి వచ్చేది. 1980ల చివరికి షాకు స్థానంలో రేడియోఫ్రీక్వెన్సీ విద్యుత్తు వచ్చింది. సెకనుకు సుమారు 5 లక్షల సార్లు డోలనం చేసే ఈ విద్యుత్తు కండరాన్ని ఉత్తేజపరచదు, వేడెక్కిస్తుంది. సుమారు 50 డిగ్రీల దగ్గర కణాలు శాశ్వతంగా చచ్చిపోతాయి. వేడి 100 డిగ్రీలకు చేరితే లోపల ఆవిరి పుట్టి కండరం పగలవచ్చు. అందుకే ఇప్పటి క్యాథెటర్ల కొనకు సన్నని రంధ్రాలుంటాయి. వాటిలోంచి ఉప్పునీరు కారుతూ కొనను చల్లగా ఉంచుతుంది.

చేతి క్యాథెటర్‌లో కొన దాకా లోపల లాగుడు తీగలుంటాయి. పిడి దగ్గర మీట తిప్పితే కొన వంగుతుంది, పిడిని మెలిపెడితే కొన పక్కకు తిరుగుతుంది. ఇది జరగాలంటే క్యాథెటర్ కాండం గట్టిగా ఉండాలి. గజ్జలోంచి గుండె దాకా ఉన్న దూరంలో ఒక్క వంపు దాటితే మెలికలో కొంత పోతుంది, రెండు వంపులు దాటితే ఇంకా పోతుంది. మూడో వంపు తర్వాత పిడి దగ్గర చెయ్యి చెప్పేది ఒకటి, లోపల కొన చేసేది ఇంకొకటి. పైగా గట్టి కాండం వెనక నుంచి తోస్తుంటే కొన గోడను ఎంత బలంగా నొక్కుతోందో చేతికి సరిగా తెలియదు. ఒత్తిడి కొలిచే క్యాథెటర్లు వచ్చాక చూస్తే అనుభవజ్ఞుల చేతుల్లో కూడా అది అప్పుడప్పుడు 100 గ్రాములు దాటుతోందని బయటపడింది. గోడకు చిల్లు పడితే రక్తం గుండె చుట్టూ ఉన్న సంచిలో నిండి గుండెను నొక్కేస్తుంది. కర్ణిక అబ్లేషన్లలో నూటికి ఒకరికి అటూ ఇటుగా ఎదురయ్యే ఈ ప్రమాదాన్ని టాంపొనాడ్ అంటారు.

అయస్కాంతం ఆలోచన ఎక్కడిది

రక్తనాళంలో క్యాథెటర్‌ను అయస్కాంతంతో మళ్లించవచ్చన్న ఆలోచన అబ్లేషన్ కంటే పాతది. స్వీడన్‌కు చెందిన టిల్లాండర్ 1951లోనే ఉక్కు కొన అతికించిన క్యాథెటర్‌ను బయటి అయస్కాంతంతో తిప్పి చూపాడు. కానీ అప్పటి అయస్కాంతాలను కావలసిన దిశకు కచ్చితంగా, వేగంగా మార్చే సాధనాలు లేవు. కంప్యూటర్లు రాకముందు ఆ దారి పెద్దగా ముందుకు సాగలేదు.

దీన్ని మళ్లీ ఎత్తుకున్నది గుండె వైద్యులు కాదు, మెదడు వైద్యులు. 1980లలో వర్జీనియా విశ్వవిద్యాలయ భౌతిక శాస్త్రవేత్త రోజర్స్ రిటర్, న్యూరోసర్జన్లు మాథ్యూ హోవర్డ్, షాన్ గ్రేడీ కలిసి, మెదడులోని కణితి దాకా ఒక చిన్న అయస్కాంత గింజను వంకర దారిలో నడిపించి, అక్కడ దాన్ని వేడి చేయాలని ప్రయత్నించారు. మెదడులో సూటిగా పోతే ముఖ్యమైన భాగాలు తెగుతాయి, అందుకే వంపు దారి కావలసి వచ్చింది. ఈ పరిశోధన నుంచి 1990లో స్టీరియోటాక్సిస్ అనే సంస్థ పుట్టి, అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో స్థిరపడింది. మెదడు కోసం మొదలైన పని చివరికి గుండెలో ఫలించింది. గుండెలో ఖాళీ గదులున్నాయి, కొన తిరగడానికి చోటుంది, ఎక్కడికి పోవాలో చెప్పే విద్యుత్ సంకేతాలూ ఉన్నాయి.

తొలి నమూనాలు ద్రవ హీలియంతో చల్లబరిచే అతివాహక విద్యుదయస్కాంతాలతో నడిచాయి. వాటిలో క్షేత్రం దిశ మార్చడానికి సమయం పట్టేది. సెయింట్ లూయిస్‌లోనే ఉన్న వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మిచెల్ ఫాడిస్, బ్రూస్ లిండ్సే 2002లో జంతువుల మీద, 2003లో మనుషుల మీద ఈ పద్ధతి ఫలితాలను ప్రచురించారు. తర్వాత వచ్చిన నియోబ్ యంత్రంలో హీలియం లేదు. నియోడిమియం, ఇనుము, బోరాన్ మిశ్రమంతో చేసిన రెండు శాశ్వత అయస్కాంతాలు కంప్యూటర్ చెప్పినట్టు తిరుగుతూ వంగుతూ ఉంటాయి. 2003లో దానికి అమెరికా ఆహార ఔషధ సంస్థ ఆమోదం దొరికింది. 2004లో జర్మనీలోని హాంబర్గ్ నుంచి సబీనా ఎర్న్‌స్ట్, కార్ల్‌–హైంజ్ కుక్ బృందం ఏవీ నోడ్ దగ్గర తిరిగే దడకు ఈ యంత్రంతో 42 మందికి చేసిన చికిత్సను నివేదించింది. ప్రపంచం దీన్ని గట్టిగా పట్టించుకున్నది అప్పటి నుంచే.

లాగదు, తిప్పుతుంది

అయస్కాంతం క్యాథెటర్‌ను గుండెలోకి లాక్కుంటుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. రెండు అయస్కాంతాల మధ్య, రోగి ఛాతీ ఉన్న చోట, సుమారు 15 సెంటీమీటర్ల గోళమంత మేర క్షేత్రం దాదాపు అంతటా ఒకే బలంతో ఉండేలా చూస్తారు. ఏకరీతి క్షేత్రం అయస్కాంతాన్ని ఎటూ లాగదు, తన దిశకు తిప్పుతుంది. దిక్సూచి ముల్లు ఉత్తరానికి తిరిగేదీ ఈ సూత్రం మీదే, అది ఉత్తరానికి ఎగిరిపోదు కదా. క్యాథెటర్ కొనలో చిన్న చిన్న అయస్కాంతాలు పొదిగి ఉంటాయి. బయటి క్షేత్రం దిశ మారితే కొన ఆ దిశకు తిరుగుతుంది. ముందుకు జరిపే పని గజ్జ దగ్గర అమర్చిన మోటారుది. దిశను ఒక్కో డిగ్రీ చొప్పున, కదలికను ఒక్కో మిల్లీమీటర్ చొప్పున మార్చవచ్చు.

క్షేత్రం బలం 0.08 నుంచి 0.1 టెస్లా. ఇది భూమి అయస్కాంత క్షేత్రానికి సుమారు 2,000 రెట్లు. మామూలు 1.5 టెస్లా ఎమ్మారై యంత్రంతో పోలిస్తే మాత్రం పదిహేనో వంతు.

కొన నేరుగా తిరుగుతుంది కాబట్టి కాండం గట్టిగా ఉండనక్కరలేదు. ఈ మెత్తదనంలోనే అసలు లాభముంది. ఎద్దును వెనక నుంచి తోసి మళ్లించడం వేరు, ముక్కుతాడు పట్టి మళ్లించడం వేరు. చేతి క్యాథెటర్ మొదటిది, అయస్కాంత క్యాథెటర్ రెండోది. కాండం ఎన్ని వంపులు తిరిగినా కొన మీద అదుపు తగ్గదు. గోడను ఎక్కువగా నొక్కబోతే మెత్తని కాండం వెనకే వంగిపోతుంది, ఒత్తిడి కొన దాకా చేరదు. అది సాధారణంగా పది ఇరవై గ్రాముల మేరకే ఉంటుంది.

ల్యాబ్‌లో

అయస్కాంత ల్యాబ్ గదిని కట్టడమే ఒక పెద్ద పని. టన్నుల బరువుకు నేల ఆగాలి, క్షేత్రం పక్క గదులకు పాకకుండా గోడల్లో ఉక్కు పలకలు పెట్టాలి. అయస్కాంత క్షేత్రంలో చెదరని ప్రత్యేకమైన ఎక్స్‌రే యంత్రం కావాలి. మత్తు డాక్టరు యంత్రాల నుంచి ట్రేలోని కత్తెర దాకా ఏది ఎంత దూరంలో ఉండాలో గీతలు గీసి ఉంటాయి.

గజ్జలోని సిరలో గొట్టం పెట్టి క్యాథెటర్లను గుండెలోకి పంపే తొలి అరగంట పని చేతిదే. ఆ తర్వాత అయస్కాంతాలు బల్ల పక్కకు చేరతాయి, వైద్యుడు సీసపు ఏప్రాన్ విప్పేసి కంట్రోల్ గదిలోకి వెళ్తాడు. ముందు గుండె గదికి త్రీడీ మ్యాప్ తయారు చేస్తారు. క్యాథెటర్ కొన గోడను తాకిన ప్రతి బిందువు దగ్గరా అక్కడి విద్యుత్ సంకేతం ఎంత బలంగా, ఎంత ఆలస్యంగా వచ్చిందో కంప్యూటర్ నమోదు చేస్తుంది. మచ్చ ఉన్న చోట సంకేతాలు బలహీనంగా, ముక్కలు ముక్కలుగా వస్తాయి. అన్నిటికంటే చివర వచ్చే చిన్న చిన్న సంకేతాలు ఆ మచ్చలో దాగిన ఇరుకు దారులను పట్టిస్తాయి.

మ్యాప్ మీద ఒక బాణం గుర్తు ఉంటుంది. అది క్షేత్రం దిశ. మౌస్‌తో దాన్ని తిప్పితే అవతలి గదిలో టన్నుల బరువున్న అయస్కాంతాలు తమ గూళ్లలో కదులుతాయి, లోపల కొన తిరుగుతుంది. కొన ఒక చోట బాగా నిలిచిందనిపిస్తే ఆ దిశను దాచుకుని, గంట తర్వాత మళ్లీ అదే దిశను పిలవవచ్చు. చేతికి ఈ జ్ఞాపకం ఉండదు. గుండె కొట్టుకుంటున్నప్పుడు, ఊపిరి ఆడుతున్నప్పుడు గోడ ముందుకూ వెనక్కూ ఊగుతుంది. గట్టి క్యాథెటర్ దాని మీద జారుతుంది, అయస్కాంత క్యాథెటర్ గోడతో పాటే ఊగుతూ అంటుకుని ఉంటుంది.

వైద్యులకు జరిగే మేలును తక్కువ చేయకూడదు. ఐదారు కిలోల సీసపు ఏప్రాన్ వేసుకుని రోజూ గంటల తరబడి నిలబడే వాళ్లలో వెన్ను, మెడ నొప్పులు బాగా ఎక్కువ. ఎక్స్‌రే కిరణాలు కొద్దికొద్దిగా పోగుపడతాయి. ఆరు గంటలు నిలబడి అలసిన చెయ్యి రోగికీ ప్రమాదమే. ఈ పద్ధతిలో ఆఖరి గంటలో కూడా కొన కదలిక మొదటి గంటలో ఉన్నంత కచ్చితంగా ఉంటుంది.

ఆపరేషన్ జరిగిన గుండెలు

దీని విలువ నిస్సందేహంగా కనిపించేది పుట్టుకతో లోపమున్న గుండెల్లో. ఒక ఉదాహరణ దగ్గరగా చూడాలి. కొందరు పిల్లలు పెద్ద ధమనులు తారుమారై పుడతారు, బృహద్ధమని కుడి జఠరిక నుంచి, పుపుస ధమని ఎడమ జఠరిక నుంచి బయలుదేరుతాయి. విలియం మస్టర్డ్ 1963లో టొరంటోలో ఇలాంటి పిల్లలకు కర్ణికల లోపల ఒక తెర కుట్టి రక్తాన్ని దారి మళ్లించే శస్త్రచికిత్స మొదలుపెట్టాడు. స్వీడన్‌కు చెందిన ఆకే సెన్నింగ్ అంతకుముందే మరో తరహాలో అదే పని చేశాడు. ఆ పిల్లలు బతికి, పెద్దవాళ్లై, ఉద్యోగాలు చేసుకుంటున్న వయసులో, ఆ కుట్ల చుట్టూ సంకేతాలు తిరగడం మొదలవుతుంది. అది ఏట్రియల్ ఫ్లటర్. వీళ్లలో బృహద్ధమనికి రక్తం కొట్టేది బలహీనమైన కుడి జఠరిక, వేగంగా వచ్చే దడను అది ఎక్కువసేపు తట్టుకోలేదు.

మాడ్చాల్సిన చోటు చాలాసార్లు తెరకు అవతల ఉంటుంది. గజ్జ సిర నుంచి వచ్చే క్యాథెటర్ తెర ఇవతలకే చేరుతుంది. చేత్తో చేయాలంటే సూదితో ఆ తెరకు చిల్లు పొడవాలి. ఏళ్లు గడిచి గట్టిపడిన, ఒక్కోసారి సున్నం పట్టిన తెర అది. అయస్కాంత క్యాథెటర్‌కు ఇంకో దారి ఉంది. గజ్జ ధమనిలో బయలుదేరి, బృహద్ధమని గుండా రక్తప్రవాహానికి ఎదురెక్కి, దాని వంపు తిరిగి, కవాటం దాటి కుడి జఠరికలోకి దిగుతుంది. అక్కడ వెనక్కు మళ్లి, ట్రైకస్పిడ్ కవాటం గుండా పైకెక్కి తెర అవతలి కర్ణికలో తేలుతుంది. రెండు పెద్ద వంపులు, రెండు కవాటాలు. ఇన్ని దాటాక కూడా కొన ఒక్కో డిగ్రీ చొప్పున మాట వింటుంది. గట్టి క్యాథెటర్‌తో ఇది దాదాపు అసాధ్యం. హాంబర్గ్‌లో మొదలుపెట్టిన సబీనా ఎర్న్‌స్ట్ తర్వాత లండన్‌లోని రాయల్ బ్రాంప్టన్ ఆసుపత్రిలో, ముందే తీసిన స్కాన్‌ల త్రీడీ చిత్రాలతో కలిపి ఈ దారిని ఒక క్రమమైన పద్ధతిగా తీర్చిదిద్దింది.

ఒకే జఠరికతో పుట్టిన పిల్లలకు చేసే ఫోంటాన్ శస్త్రచికిత్సలోనూ ఇదే సమస్య. కొత్త రకం ఫోంటాన్‌లో శరీరం నుంచి వచ్చే సిరల రక్తం గుండెను తాకకుండా నేరుగా ఊపిరితిత్తులకు పోతుంది, అంటే సిర నుంచి గుండెలోకి దారే మూసుకుపోతుంది. ధమని గుండా వెనక నుంచి రావడమే మిగులుతుంది. కింది మహాసిర పుట్టుకతోనే తెగి ఉండి, గజ్జ నుంచి మామూలు దారి లేని వాళ్లకూ ఇది ఉపయోగపడింది.

జఠరిక లోపలి మూలలు

జఠరికల్లో కవాటపు తాళ్లను పట్టి ఉంచే పాపిల్లరీ కండరాలు గదిలోకి పొడుచుకు వచ్చి ఉంటాయి. ప్రతి స్పందనకూ అవి ముడుచుకుని పక్కకు జరుగుతాయి. వాటి మొదట్లో నుంచి పుట్టే అదనపు స్పందనలను మాడ్చడం అబ్లేషన్లలో అత్యంత విసుగు పుట్టించే పనుల్లో ఒకటి. కొన నిలిచిందనుకునే లోపే జారిపోతుంది. వైద్యుడు శక్తి ఆపి మళ్లీ మొదలుపెడతాడు, ఈలోగా చుట్టుపక్కల కండరం వాచి లక్ష్యం ఇంకా లోతుకు పోతుంది. ఇక్కడ కొన కండరంతో పాటే ఊగగలగడం చాలా తేడా తెస్తుంది. హిస్ కట్టకు రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో ఉన్న లక్ష్యాల దగ్గర కూడా ఇదే లాభం. అక్కడ కొన జారి కట్టను మాడ్చితే రోగి జీవితాంతం పేస్‌మేకర్ మీద బతకాలి.

మచ్చల నుంచి పుట్టే వెంట్రిక్యులర్ టాకీకార్డియాలో తొలి అనుభవం మిశ్రమం. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి బృందం 2007లో ప్రచురించిన పనిలో, అయస్కాంత క్యాథెటర్ గుండె లోపలి గోడనే కాదు, బయటి గోడను కూడా చక్కగా మ్యాప్ చేయగలిగింది. కానీ అప్పటికి ఉప్పునీరు కార్చే అయస్కాంత క్యాథెటర్ లేదు. దారి కనుక్కున్నది అయస్కాంతమైనా, లోతుగా మాడ్చడానికి చాలాసార్లు చేతి క్యాథెటర్‌నే వాడాల్సి వచ్చింది. నీటి చల్లదనమున్న అయస్కాంత క్యాథెటర్ వచ్చాక ఆ కొరత తీరింది. ఆ తర్వాత నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్, చెక్ రాజధాని ప్రాగ్, అమెరికాలోని ఆస్టిన్ లాంటి చోట్ల జఠరిక లయదోషాలకు ఇది రోజువారీ సాధనమైంది.

ఏట్రియల్ ఫిబ్రిలేషన్: ఆశ, ఎదురుదెబ్బ

లయదోషాల్లో అన్నిటికంటే ఎక్కువమందికి వచ్చేది, కర్ణికలు క్రమం లేకుండా అదిరే ఏట్రియల్ ఫిబ్రిలేషన్. ఊపిరితిత్తుల నుంచి ఎడమ కర్ణికకు రక్తం తెచ్చే పల్మనరీ సిరల మొదళ్లలో దీన్ని రగిలించే సంకేతాలు పుడతాయని మిషెల్ హైసగేర్ బృందం 1998లో ఫ్రాన్స్‌లోని బోర్డో నుంచి చూపింది. ఆ సిరల చుట్టూ వలయంలా మాడ్చి వాటిని విద్యుత్‌పరంగా వేరుచేయడమే అప్పటి నుంచి ప్రధాన చికిత్స. ప్రపంచంలో అబ్లేషన్ల సంఖ్య పెరిగింది దీనివల్లే, యంత్రాలు అమ్మేవాళ్ల ఆశలన్నీ దీని మీదే.

2006లో మిలన్ నుంచి కార్లో పాపోనె 40 మంది రోగుల మీద మంచి ఫలితాలు ప్రకటించాడు. మరుసటి ఏడాది లూయిజీ ది బియాసె, ఆండ్రియా నతాలె తదితరులు 45 మంది మీద ఇంకో కథ చెప్పారు. వాళ్లు మాడ్చిన తర్వాత, సిరలు నిజంగా వేరయ్యాయో లేదో వలయాకారపు క్యాథెటర్‌తో పరీక్షించి చూశారు. పూర్తిగా వేరైనవి 8 శాతం మందిలోనే. మూడో వంతు మందిలో క్యాథెటర్ కొన మీద రక్తం మాడి గడ్డకట్టింది, అది విడివడి మెదడుకు పోతే పక్షవాతం రావచ్చు. కొన కావలసిన చోటికి చేరింది, నిలిచింది, కానీ చేయాల్సిన పని చేయలేకపోయింది. ఈ రంగంలో వచ్చిన పత్రాల్లో ఇంత నిజాయితీగా తప్పు దిద్దినవి తక్కువ. లోపం అయస్కాంతంలో లేదు, నీటి చల్లదనం లేని నాలుగు మిల్లీమీటర్ల కొనలో ఉంది. ఆ కొన మారాక ఫలితాలు చేతి పద్ధతికి దగ్గరగా వచ్చాయి. ఈలోగా పోటీ మాత్రం ముందుకు పోయింది.

ఫలితాల తూకం

పలు అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణలన్నీ దాదాపు ఒకే మాట చెబుతున్నాయి. అయస్కాంత పద్ధతిలో ఎక్స్‌రే వాడకం తగ్గుతుంది, టాంపొనాడ్ లాంటి పెద్ద ప్రమాదాలు తగ్గుతాయి, మొత్తం సమయం పెరుగుతుంది, దడ తిరిగి రాకుండా ఉండే అవకాశం చేతి పద్ధతితో సమానంగా ఉంటుంది. అయితే వీటిలో చాలావరకు ఒకే ఆసుపత్రి అనుభవాలో, పాత రోగులతో కొత్త రోగులను పోల్చినవో. రోగులను లాటరీ పద్ధతిలో విభజించి పోల్చిన పెద్ద పరీక్షలు తక్కువ.

ఈ సగటు లెక్కలతో దీని విలువ కట్టడం సరికాదు. మామూలు ఏట్రియల్ ఫ్లటర్‌నూ, ఫోంటాన్ గుండెనూ ఒకే సంచిలో వేసి సగటు తీస్తే యంత్రం తేడా లేనట్టే కనిపిస్తుంది. తేలికైన గుండెలో చెయ్యి చాలు, అక్కడ గంట ఎక్కువ పట్టడం నష్టమే. కష్టమైన గుండెలో పోలిక చేతికీ అయస్కాంతానికీ మధ్య ఉండదు, చికిత్స జరగడానికీ జరగకపోవడానికీ మధ్య ఉంటుంది.

ఛాతీలో పేస్‌మేకర్ లేదా ఐసీడీ ఉన్నవాళ్లను తొలి రోజుల్లో దూరంగా ఉంచేవారు. అయస్కాంతం దగ్గరకు వస్తే ఈ పరికరాలు తమ పని తీరు మార్చుకుంటాయి, ఐసీడీ అయితే షాకు ఇవ్వడమే ఆపవచ్చు. ఇప్పుడు ముందే పరికరాన్ని తగినట్టు అమర్చి, బయట డీఫిబ్రిలేటర్ సిద్ధంగా పెట్టుకుని చేస్తున్నారు, అయ్యాక మళ్లీ పరీక్షించి పాత అమరికకు తెస్తారు. మెదడులో పాత రకం ఇనుప క్లిప్పు లాంటివి ఉన్నవాళ్లకు ఎమ్మారై ముందు అడిగే ప్రశ్నలన్నీ ఇక్కడా అడుగుతారు.

హైదరాబాద్ నుంచి ఒక హెచ్చరిక

వెంట్రిక్యులర్ టాకీకార్డియా అనగానే క్యాథెటర్ వైపు చూసే ముందు ఆలోచించాల్సిన విషయం ఒకటి హైదరాబాద్ కేర్ ఆసుపత్రి నుంచి వచ్చింది. డాక్టర్ కాలంబూర్ నరసింహన్, ఆయన సహచరులు 2011లో ఒక అమెరికా హృద్రోగ పత్రికలో ఒక రోగుల బృందం గురించి రాశారు. వాళ్ల గుండె కొట్టే బలం బాగానే ఉంది, గుండెపోటు చరిత్ర లేదు, అయినా జఠరిక దడ వస్తోంది. ఛాతీ లోపలి లింఫ్ గ్రంథులు వాచి ఉన్నాయి. వాటి నుంచి ముక్క తీసి చూస్తే గ్రాన్యులోమాలు కనిపించాయి, కొందరిలో క్షయ, మరికొందరిలో సార్కాయిడోసిస్. ఇలాంటి గుండెలో వాపు రగులుతూ ఉండగా ఒక దారి మాడ్చితే ఇంకో దారి పుడుతుంది. ముందు క్షయకు మందులో, వాపు తగ్గించే స్టెరాయిడ్లో ఇవ్వాలి. క్షయ ఇంకా విస్తారంగా ఉన్న మన ప్రాంతంలో ఇది ఏ యంత్రం కంటే ముఖ్యమైన పాఠం. పెట్ స్కాన్, ఎమ్మారై, అవసరమైతే ముక్క పరీక్ష అయ్యాకే క్యాథెటర్ సంగతి.

మన దగ్గర దడతో వచ్చే వాళ్లలో ఎక్కువమందికి ఉండేవి ఏవీ నోడ్ సుడి, అదనపు పోగు, మామూలు ఫ్లటర్. ఇవన్నీ అనుభవమున్న చేతిలో ఒకే సిట్టింగ్‌లో, నూటికి తొంభైకి పైగా పూర్తిగా నయమవుతాయి. వీటి కోసం అయస్కాంత యంత్రాన్ని వెతుక్కుంటూ పోనవసరం లేదు.

పోటీ, ఇప్పటి స్థితి

అయస్కాంతాన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ రంగం నుంచి పక్కకు నెట్టినవి మూడు. సిర మొదట్లో బెలూన్ ఉబ్బించి చుట్టూ ఒకేసారి గడ్డకట్టించే క్రయోబెలూన్‌కు 2010లో అమెరికా ఆమోదం వచ్చింది. కొన ఒత్తిడిని గ్రాముల్లో చూపే క్యాథెటర్లు ఆ తర్వాతి కొన్నేళ్లలో అందరికీ అందుబాటులోకి వచ్చి, చేతి పద్ధతిలోని ప్రమాదాన్ని బాగా తగ్గించాయి. సెకనులో అతి చిన్న వంతు పాటు బలమైన విద్యుత్ క్షేత్రం ఇచ్చి కణాల పొరలకు రంధ్రాలు చేసే పల్స్‌డ్ ఫీల్డ్ అబ్లేషన్ 2021లో ఐరోపాలో, 2023 డిసెంబరులో అమెరికాలో అనుమతి పొందింది. ఇది అన్నవాహిక లాంటి పొరుగు అవయవాలను చాలావరకు వదిలి గుండె కండరాన్నే దెబ్బతీస్తుంది, ఒక్కో సిరకు కొద్ది నిమిషాలు చాలు. మామూలు ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో వీటితో అయస్కాంతం పోటీ పడే పరిస్థితి లేదు.

తీగలను యంత్రంతో లాగి క్యాథెటర్‌ను నడిపే హాన్సెన్ సంస్థ రోబోట్ 2000ల రెండో సగంలో గట్టి ప్రత్యర్థిగా వచ్చింది. గట్టి తొడుగు లోపల నడిచే ఆ క్యాథెటర్‌కు మెత్తదనమనే రక్షణ లేదు. ఆ సంస్థ 2016లో ఇంకో సంస్థలో కలిసిపోయింది. ఎనిమిది విద్యుదయస్కాంతాలతో క్షేత్రాన్ని క్షణంలో మార్చగల ఇంకో వ్యవస్థను మాడ్రిడ్‌లో వాడి చూశారు గానీ అది విస్తరించలేదు.

నిలిచింది స్టీరియోటాక్సిస్ ఒక్కటే. వందకు పైగా ఆసుపత్రుల్లో లక్ష మందికి పైగా రోగులకు తమ యంత్రాలతో చికిత్స జరిగిందని ఆ సంస్థ చెబుతోంది. 2020 మార్చిలో దాని జెనెసిస్ యంత్రానికి అమెరికా ఆమోదం వచ్చింది. ఇందులో అయస్కాంతాలు చిన్నవి, రోబోట్ చేతుల మీద ఉంటాయి, త్వరగా తిరుగుతాయి, రోగి చుట్టూ చోటు ఎక్కువ మిగులుతుంది. చాలా ఏళ్లపాటు ఈ పద్ధతికి ఒకే రకం నీటి చల్లదనమున్న క్యాథెటర్ దిక్కు, అది కూడా ఇంకో సంస్థ తయారుచేసేది. ఒత్తిడి కొలిచే క్యాథెటర్లు చేతి పద్ధతిలో తరం తర్వాత తరం మారుతుంటే, అయస్కాంత పద్ధతి పాత కొనతోనే నెట్టుకొచ్చింది. స్టీరియోటాక్సిస్ సొంతంగా తయారుచేసిన మ్యాజిక్ అనే క్యాథెటర్‌కు 2025లో ఐరోపాలో అనుమతి దొరికింది.

పాశ్చాత్య దేశాల్లో పుట్టుకతో గుండె లోపమున్న వాళ్లలో ఇప్పుడు పిల్లల కంటే పెద్దవాళ్లే ఎక్కువ. 1960, 70లలో మస్టర్డ్, సెన్నింగ్, తొలి ఫోంటాన్ శస్త్రచికిత్సలు చేయించుకున్న పిల్లలు ఇప్పుడు నడివయసుకు చేరారు. కుట్ల చుట్టూ మచ్చలు ఏటేటా గట్టిపడుతుంటాయి, దడలు తరచవుతుంటాయి, మామూలు దారులు మూసుకుపోయి ఉంటాయి. అయస్కాంత ల్యాబ్ ఉన్న పెద్ద ఆసుపత్రులకు దూర ప్రాంతాల నుంచి పంపే రోగుల్లో వీళ్లు, మచ్చ పట్టిన జఠరికలతో షాకుల మీద షాకులు తింటున్న గుండెపోటు రోగులు ముందు వరసలో ఉంటున్నారు.